పాప పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతుందా?

(నల్గొండ జిల్లాలో ఒక మండల మహిళా సమాఖ్య సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. సమాఖ్య అక్కలకు, ఆశా అక్కలకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఏఎన్‌ఎం మేడంకు నమస్కారం. వెనక వరుసల్లో పెద్దమ్మలు, అత్తమ్మలు చాలామంది కూర్చున్నారు. మీరు వచ్చినందుకు నాకు ఎక్కువ సంతోషం. ఎందుకంటే ఈ రోజు నేను చెప్పేది కొత్తగా తల్లయిన అమ్మాయిలకంటే ముందు మీకు తెలియాలి. ఇంట్లో బాలింతను కనిపెట్టుకుని ఉండేది మీరే కదా.

నేను బడిలో సైన్సు టీచర్‌ని. పదిమంది ముందు మాట్లాడడం నాకు కొత్త కాదు. కానీ నా సొంత కాన్పు గురించి, ఆ తర్వాత నాకొచ్చిన దిగులు జబ్బు, అదే డిప్రెషన్ గురించి ఇట్లా మైకు పట్టుకుని మాట్లాడడం మాత్రం ఇదే మొదటిసారి. మాట్లాడమని అడిగింది మా ఊరి ఆశా అక్క. ఆమె అడిగితే నేను కాదనలేను. ఎందుకు కాదనలేనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఒక్క మాట అడుగుతాను, మనసులో జవాబు చెప్పుకోండి. బాలింతను చూడడానికి పోతాం కదా. పోయి ఏం అడుగుతాం? ఏం పుట్టింది? నార్మలా, ఆపరేషనా? ఎన్ని కిలోలుంది? పాలు పడ్డాయా? ఎవరి పోలిక? ఇవే కదా? అడుగుతాం, పాప చేతిలో నూరో రెండొందలో పెడతాం, చాయ తాగి వస్తాం. ఇందులో తల్లి గురించి అడిగింది ఏముంది చెప్పండి? పాలు పడ్డాయా అన్నది కూడా పాప కోసమే. ఆపరేషన్ అంటే 'అయ్యో, కోసిన్రా బిడ్డా' అంటాం. అక్కడితో తల్లి ముచ్చట అయిపోతుంది.

మా పాప నల్గొండలోనే పుట్టింది, ఆపరేషన్‌తో. మన దగ్గర అది వింతేం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క తీస్తే తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తంలో మనమే ముందున్నాం. కుట్లు నొప్పి, లేవలేను, పక్కకు తిరగలేను. సరే, అది అందరూ పడేదే అనుకున్నాను.

మూడో రోజు ఏడుపు మొదలైంది. ఎందుకేడుస్తున్నావంటే ఏం చెప్పను? పాప సరిగా పాలు పట్టలేదని ఏడుపు, అన్నం చల్లారిందని ఏడుపు, మా ఆయన మందులు తేవడానికి కిందికి పోతే ఏడుపు. ఆశా అక్కలు తల ఊపుతున్నారు, మీరు చాలామందిని చూసుంటారు. ఇది సగానికి పైగా తల్లులకు వస్తుంది. కడుపులో మాయ ఉన్నన్నాళ్ళు రక్తంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు బాగా ఎక్కువగా ఉంటాయి. మాయ బయటపడ్డాక రెండు మూడు రోజుల్లోనే అవి ఒక్కసారిగా పడిపోతాయి. దానికి తోడు నిద్ర లేదు, నొప్పి ఉంది. ఏడుపు రాక ఏం వస్తుంది? పక్కన మనిషి ఉండి, కాస్త నిద్ర దొరికితే పది పదిహేను రోజుల్లో ఆ ఏడుపు దానంతట అదే పోతుంది. మందు అక్కర్లేదు. అందరికీ పోయేది నాకు పోలేదు. అదే నేను చెప్పవచ్చిన సంగతి.

పురుడు మా అమ్మవాళ్ళ ఊళ్ళో, నకిరేకల్ దగ్గర. మా అమ్మ చేయాల్సినవన్నీ చేసింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, వెల్లుల్లి కారం, పథ్యం కూర. నన్ను ఒక్క పని ముట్టుకోనివ్వలేదు. ఆ పద్ధతి మంచిది, నేను అందరికీ చెబుతాను, బాలింతకు ఆ విశ్రాంతి ఇవ్వండి. పొద్దున్నే వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, రెండు కాళ్ళు బార్లా చాపి, వాటి మీద పాపను బోర్లా పడుకోబెట్టేది. నూనె పట్టించి, శనగపిండి రాసి, చెంబుతో వేడినీళ్ళు పోసేది. వెల్లకిలా తిప్పినప్పుడు నీళ్ళు ముక్కులోకి పోకుండా నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టేది. తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పొగ చూపించి, మెత్తటి పాతచీర ముక్కలో చుట్టి నా ఒళ్ళో పెట్టేది. ఎర్రగా, వెచ్చగా, కళ్ళు మూసుకుని ఉండేది పాప. చూసినవాళ్ళంతా మెటికలు విరిచేవాళ్ళు.

నేను చూస్తూ కూర్చునేదాన్ని. నా పిల్లే అని తెలుసు. తెలుసు కానీ ఏమీ అనిపించేది కాదు. ముద్దు రాదు, కోపమూ రాదు. బోరు ఎండిపోయాక మోటరు ఊరికే తిరుగుతుంది చూడండి, చప్పుడుంటుంది, నీళ్ళు రావు. లోపల నాకు అట్లా ఉండేది. పాలిచ్చేదాన్ని, గుడ్డలు మార్చేదాన్ని, ఎవరైనా వస్తే నవ్వేదాన్ని. చూసినవాళ్ళకు అంతా బాగున్నట్టే ఉండేది. దిగులు జబ్బు అంటే ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటారనుకుంటాం మనం. కొందరు అసలు ఏడవరక్కా. కొందరికి అయినదానికీ కానిదానికీ కోపం వస్తుంది. కొందరు పని మీద పని పెట్టుకుని తిరుగుతుంటారు, కూర్చోరు. నేను మధ్యాహ్నమంతా ఏడ్చి, సాయంత్రం చుట్టాలొస్తే మొహం కడుక్కుని బొట్టు పెట్టుకునేదాన్ని.

ఇక రాత్రి. పాప పడుకునేది. నేను పడుకునేదాన్ని కాదు. ఊపిరి ఆడుతుందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఆడుతుంది. మళ్ళీ రెండు నిమిషాలకు చూసేదాన్ని. మా అమ్మ పక్క మంచంలో పడుకుని ఉండేది, మా ఆయన ఫోన్ చేస్తే వచ్చే దూరంలో ఉండేవాడు. అయినా ఆ రాత్రి మొత్తంలో నేనొక్కదాన్నే ఉన్నాననిపించేది. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు, నేను లేకపోతే వీళ్ళందరికీ మంచిది కదా అనే ఆలోచన వచ్చేది. చావాలని కాదు. లేకుండా పోతే బాగుండని. వినడానికి రెండూ వేరుగా ఉంటాయి కానీ రెండూ ప్రమాదమే.

ఇంకొకటుంది. దీన్ని దాటేసి పోదామా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. దాటేస్తే నేను ఇక్కడికి వచ్చి లాభం లేదు. మా అమ్మవాళ్ళ మేడ మెట్లకు పిట్టగోడ లేదు. పాపను ఎత్తుకుని ఆ మెట్ల దగ్గరికి పోతే, పాప కింద పడిపోయినట్టు కళ్ళముందు కనపడేది. జారిపడినట్టు కాదు, నా చేతులతో నేనే వదిలేసినట్టు. ఒళ్ళంతా చల్లబడిపోయేది. ఆ మెట్లు ఎక్కడం మానేశాను. కత్తిపీట ఉందని పాపతో వంటింట్లోకి పోవడం మానేశాను. ఎవరికి చెప్పుకోను? చెబితే ఏమంటారు? పిల్లను నా దగ్గర ఉండనిస్తారా? తర్వాత డాక్టరమ్మ చెప్పింది, ఇట్లాంటి ఊహలు కొత్త తల్లుల్లో చాలామందికి వస్తాయట. దిగులు, ఆందోళన ఉన్నవాళ్ళను ఇంకా ఎక్కువ సతాయిస్తాయట. వద్దన్నా వచ్చే ఊహ వేరు, చేయాలన్న ఉద్దేశం వేరు. ఆ ఊహకు భయపడి మెట్లు ఎక్కడం మానేసిన తల్లి బిడ్డను కాపాడుకుంటోంది. ఈ హాల్లో ఎవరికైనా అట్లా వచ్చి ఉంటే, ఎవరికీ చెప్పకుండా మోస్తూ ఉంటే, మీరు చెడ్డ తల్లి కాదు. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఇప్పుడు వెనక వరుసల పెద్దమ్మలతో మాట్లాడతాను. మీరు అనే మాట నాకు తెలుసు. 'మేము కనలేదా? నాట్లు వేస్తూ వేస్తూ కన్నాం, మూడోనాడే నీళ్ళకు పోయినం. మాకు రాని రోగం మీకెక్కడిది?' మా నాయనమ్మ కూడా ఈ మాటే అనేది. నాకు తగ్గాక, ఒక రోజు ఆమెను కూర్చోబెట్టి అడిగాను. నానమ్మా, నిజంగా ఆ రోజుల్లో ఎవరికీ రాలేదా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా తాత చెల్లెలి గురించి చెప్పింది. మూడో కాన్పు తర్వాత ఆమె అన్నం మానేసిందట, పిల్లను దగ్గరికి రానివ్వలేదట. గాలి సోకిందన్నారు, సన్ని కమ్మిందన్నారు, వేపమండలతో కొట్టించారు. ఒక తెల్లవారి మోటబావిలో తేలింది. నీళ్ళు తోడబోయి కాలు జారిందని ఊరంతా చెప్పుకున్నారు. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఆ ముచ్చట నాకు ఇన్నేళ్ళూ తెలియదు. మీ ఇళ్ళల్లో, మీ వాడల్లో ఇట్లాంటివి లేవా పెద్దమ్మా? కాలు జారిన బాలింతలు, చెప్పకుండా ఇల్లు విడిచిపోయిన బాలింతలు లేరా? ఆ రోజుల్లోనూ వచ్చింది. ఆ రోజుల్లో దాన్ని జబ్బు అనలేదు, అంతే.

జబ్బు అని ఎందుకంటున్నాను? మన దేశంలో వేర్వేరు చోట్ల జరిగిన 38 అధ్యయనాలను, అంటే సుమారు 20 వేల మంది తల్లుల వివరాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో లెక్క వేశారు. నూటికి 22 మంది తల్లులకు కాన్పు తర్వాత దిగులు జబ్బు ఉందని తేలింది. నూటికి 22 మంది. మీ ఊళ్ళో ఈ ఏడాది పుట్టిన పిల్లల పేర్లు ఒకసారి తలచుకోండి. ప్రతి ఐదుగురిలో ఒక పిల్ల తల్లి ఈ బాధ పడుతూ ఉండొచ్చు. ఎవరో పట్నంలో చదువుకున్నవాళ్ళ రోగం కాదు ఇది.

ఎవరికి ఎక్కువ వస్తుంది? ఇంతకుముందు ఎప్పుడైనా దిగులు జబ్బు వచ్చినవాళ్ళకు, కడుపుతో ఉన్నప్పుడే ఆందోళన పడ్డవాళ్ళకు. ఇంట్లో కొట్టే మొగుడున్నచోట, తాగుడు ఉన్నచోట. అప్పులున్నచోట. పాప నెలలు నిండకుండా పుట్టి గాజుపెట్టెలో ఉండాల్సి వచ్చినచోట. ఇంకా ఒకటుంది, మీరందరూ ఎరిగినదే. రెండోసారీ ఆడపిల్లే అని తెలిసి, ఆసుపత్రి బెడ్డు దగ్గరే అత్తింటివాళ్ళు మొహం తిప్పుకుని పోయినచోట. ఆ తల్లి అప్పుడే కనింది, ఒంట్లో రక్తం లేదు, చేతిలో పసిబిడ్డ ఉంది, చుట్టూ ఎవరూ నవ్వడం లేదు. ఆమెకు దిగులు రాకపోతే ఆశ్చర్యం.

రక్తం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మొదట చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ కూడా దెబ్బ తింటుంది. ఈ రెండింటిలోనూ నీరసం, ఆయాసం, మనసు బాగుండకపోవడం ఉంటాయి. అందుకే ముందు ఈ పరీక్షలు రెండూ చేయించమంటారు డాక్టర్లు. మనసుదని తేల్చేముందు ఒంట్లోది చూసుకోవాలి. ఒక్కోసారి మనసుదీ ఒంట్లోదీ రెండూ ఉంటాయి. నాకు రెండూ ఉన్నాయి, హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉంది.

దేవరకొండ వైపు నుంచి, తండాల నుంచి వచ్చిన అక్కలున్నారు ఇక్కడ. మీ వైపు, అటు అచ్చంపేట, నారాయణపేట, మక్తల్ వైపు ఇంకో కష్టం ఉంది. కాన్పయిన నెలా రెండు నెలలకే మొగుడు ముంబైకో పూణేకో పనికి పోవాల్సి వస్తుంది. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు. పోయినవాడు పైసలు పంపిస్తాడు, రాత్రి ఫోన్ చేస్తాడు. లేదంటే పసిపిల్లను తీసుకుని ఆమె కూడా వెంట పోతుంది, కట్టే బిల్డింగు పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. అక్కడ ఆశా అక్క ఎవరు? అంగన్‌వాడీ ఏది? పాపకు టీకా వేయించడమే గగనం, తల్లి మనసెట్లా ఉందని అడిగేదెవరు? వలస పోయే ముందు ఆ అమ్మాయితో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. ఫోన్ నంబర్ తీసుకోండి. మీ సంఘంలో బాకీ కట్టలేదని అయితే ఎక్కడున్నా ఫోన్ చేస్తాం కదా, దీనికి కూడా చేద్దాం.

ఇప్పుడు మా ఆశా అక్క ముచ్చట.

అంతకుముందే మా ఆయన నన్ను ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నిద్ర పడట్లేదు, ఏడుపొస్తుంది అంటే, 'కొత్తలో అందరికీ ఇంతేనమ్మా, నీకు అన్నీ ఉన్నాయి, సంతోషంగా ఉండు' అని టానిక్ రాసి పంపించారు. అందరూ చెప్పేది అదే. సంతోషంగా ఉండు. ఎట్లా ఉండాలి? ఉండగలిగితే ఉండనా? నీకు అన్నీ ఉన్నాయి అనే మాట ఎంత బరువో తెలుసా? అన్నీ ఉండి కూడా ఇట్లా ఉన్నానంటే తప్పు నాలోనే ఉందని ఖాయం చేసుకున్నాను.

ఆశా అక్క చివరి విజిట్‌కు వచ్చింది. సంచిలోంచి త్రాసు తీసి పాపను తూచింది. బొడ్డు చూసింది, జ్వరం చూసింది, కార్డులో రాసుకుంది. లేవబోయి మళ్ళీ కూర్చుంది. మా అమ్మను, 'పెద్దమ్మా, కాసిన్ని మంచినీళ్ళు తెస్తావా' అని లోపలికి పంపింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, 'పాప పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతుందా?' అని అడిగింది. అంతే. ఎట్లున్నావ్ అని అడిగి ఉంటే బాగున్నా అనేదాన్ని, నోటికి అలవాటైన జవాబు అదే. నిద్ర పడుతుందా అనేసరికి అబద్ధం రాలేదు. లేదక్కా అన్నాను. ఎన్ని రోజుల నుంచి? అని అడిగింది. ఇక ఆపుకోలేకపోయాను. మంచినీళ్ళు తెచ్చిన మా అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

ఆమె చేసిన దాంట్లో మూడు సంగతులున్నాయి, ఆశా అక్కలూ గమనించండి. ఒకటి, నన్ను ఒంటరిగా ఉంచి అడిగింది. అత్త ముందో అమ్మ ముందో అడిగితే ఏ బాలింతా నోరు తెరవదు. రెండోది, దిగులుగా ఉందా అని అడగలేదు, నిద్ర గురించి అడిగింది. బిడ్డ ఏడుస్తుంటే నిద్ర లేకపోవడం మామూలే. బిడ్డ హాయిగా పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోతే అది మామూలు కాదు. మూడోది, నేను చెప్పాక ఆమె ధైర్యంగా ఉండమని చెప్పి పోలేదు. మర్నాడు ఆటోలో నన్నూ మా అమ్మనూ పీహెచ్‌సీకి తీసుకుపోయింది. అక్కడినుంచి నల్గొండ పెద్దాసుపత్రికి పంపారు. మెడికల్ కాలేజీ ఉన్నచోట, నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా, ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఓపీ చీటీ తీసుకుని పోవడమే. అక్కడికి పోతే పిచ్చి అంటారని మా అమ్మ భయపడింది. బయట వరుసలో కూర్చున్నవాళ్ళను చూశాక ఆ భయం సగం పోయింది. అందరూ మనలాంటివాళ్ళే, నిద్ర పట్టనివాళ్ళు, తలనొప్పివాళ్ళు, పరీక్షల టెన్షన్‌తో వచ్చిన పిల్లలు.

మందుల గురించి మీకు అనుమానాలుంటాయి. నాకూ ఉండేవి. పాలిచ్చే తల్లి ఈ మందులు వేసుకోవచ్చా? వేసుకోవచ్చు. సెర్ట్రలైన్ వంటి మందులు పాలలోకి చాలా కొద్దిగా వెళతాయి, పాలిచ్చే తల్లులకు డాక్టర్లు సాధారణంగా ముందు అలాంటివే రాస్తారు. పాలు మాన్పించక్కర్లేదు. అయితే సొంతంగా షాపులో కొనుక్కోవడం కాదు, పాలిస్తున్నానని డాక్టరుకు చెప్పి రాయించుకోవాలి. వేసుకున్న మర్నాడే పని చేస్తాయా? చేయవు. రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చాలామంది పది రోజులు వాడి, ఏం గుణం లేదని ఆపేస్తారు. ఇంకొందరు మనసు తేలికపడగానే ఆపేస్తారు. రెండూ వద్దు. తగ్గాక కూడా నెలల తరబడి వాడమంటారు, ఆపేటప్పుడు మెల్లమెల్లగా తగ్గిస్తారు. మరీ ఎక్కువ లేనివాళ్ళకు మందులు లేకుండా కౌన్సెలింగ్‌తోనే తగ్గుతుంది. నాకు రెండూ ఇచ్చారు.

మందుతో పాటు డాక్టరమ్మ ఇంకొకటి రాసింది, అది మా ఆయన కోసం. తల్లికి రాత్రి నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర కావాలి, అది మీ పని అంది. అప్పటినుంచి పది గంటలకు నేను పాలిచ్చి పడుకుంటే, ఆ తర్వాత పాప లేస్తే ఆయనే చూసుకునేవాడు. నేను ముందే పిండి ఉంచిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టేవాడు, భుజాన వేసుకుని వాకిట్లో తిరిగేవాడు. మా ఊళ్ళో మగాడు పిల్లను రాత్రిపూట ఎత్తుకుని తిరగడం చూసి నలుగురూ నాలుగు మాటలన్నారు. అననీ. మందు ఎంత పని చేసిందో ఆ నిద్ర అంత పని చేసింది. ఒక పొద్దున మా అమ్మ ఎప్పటిలాగే నీళ్ళు పోసి పాపను ఒళ్ళో పెడితే, శనగపిండి పోని చెవి వెనక నేను తడి తుడుస్తున్నాను. నాకు నేనుగా తుడుస్తున్నాను, ఎవరూ చెప్పలేదు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది.

తాయెత్తు కట్టించుకోవద్దా, దర్గాకు పోవద్దా, మైసమ్మకు మొక్కుకోవద్దా అని అడుగుతారు. మొక్కుకోండి, కట్టించుకోండి, మా అమ్మ కూడా కట్టించింది. కట్టించాక పీహెచ్‌సీకి కూడా రండి. కొట్టడం, పొగ పెట్టడం, తిండి మాన్పించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

ఇప్పుడు చెప్పేది చాలా జాగ్రత్తగా వినండి. ఇది నాకు వచ్చినదానికంటే వేరు జబ్బు, డాక్టర్లు సైకోసిస్ అంటారు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. ఉన్నట్టుండి మనిషి మారిపోతుంది. రాత్రుళ్ళు నిద్రే ఉండదు, నిద్ర కావాలనీ అనిపించదు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడుతుందంటుంది. అన్నంలో ఏదో కలిపారంటుంది. పాపను దేవతనో దయ్యమనో అంటుంది. ఒక గంట మంచిగా ఉంటుంది, మళ్ళీ మారిపోతుంది. అది కనపడితే రేపు చూద్దామనుకోవద్దు, అమావాస్య పోనీ అనుకోవద్దు. అదే రోజు, అదే పూట ఆసుపత్రికి తీసుకుపోవాలి. తల్లిని పాపతో ఒంటరిగా వదలొద్దు. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బే. ఆసుపత్రిలో పెడితే పాపను వేరు చేస్తారేమో అని భయపడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో స్పష్టంగా ఉంది, మూడేళ్ళలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి దగ్గర్నుంచి మామూలుగా వేరు చేయకూడదు. బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక ఆసుపత్రిలో అయితే తల్లీబిడ్డలను కలిపి ఉంచి చికిత్స చేసే వార్డు 2009 నుంచి ఉంది. అట్లాంటిది మన ఉమ్మడి జిల్లాల్లోనూ కావాలి. ఇది అడగాల్సింది మనమే. మహిళా సంఘాలు అడిగితే కానిది ఏముంది?

ఆశా అక్కలూ, మీకు ఆసుపత్రి కాన్పు తర్వాత ఇంటికి ఆరుసార్లు పోవాలని ఉంది. 3, 7, 14, 21, 28, 42వ రోజు. ఆరుసార్లు! ఇంకే మనిషి అయినా బాలింత ఇంటికి ఇన్నిసార్లు పోతుందా? కార్డులో ఎక్కువ గడులు పాపవే, నాకు తెలుసు. పని భారం ఎంతో, పారితోషికం ఎంతో కూడా తెలుసు. అయినా అడుగుతున్నాను, ప్రతిసారి తల్లికి ఒక్క ప్రశ్న వెయ్యండి. అయితే 42వ రోజుతో అయిపోదు. ఈ జబ్బు మొదటి సంవత్సరంలో ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. మన దగ్గర మూడో నెలలోనో ఐదో నెలలోనో అమ్మాయిని అత్తగారింటికి పంపుతాం. అప్పటిదాకా కూర్చోబెట్టి వడ్డించినవాళ్ళు లేరు, అక్కడ పోగానే ఇంటి పని, పొలం పని, పాప పని. అప్పుడు ఆమెను అడిగేవాళ్ళు కావాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాలుంటాయి, తొమ్మిదో నెలలో తట్టు టీకా ఉంటుంది. పాప కోసం తల్లి ఎట్లాగూ వస్తుంది. సూది వేసి, అరగంట ఆగమంటారు కదా. ఆ అరగంటలో అడగండి.

అంగన్‌వాడీ టీచర్లకు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఆరోగ్యలక్ష్మి భోజనానికి, గుడ్డుకు, పాలకు బాలింత మీ దగ్గరికే వస్తుంది. రోజూ వచ్చే మనిషి రావడం మానేసిందా? వచ్చినా నాలుగు మెతుకులు కెలికి లేచిపోతోందా? తల దువ్వుకోకుండా వస్తోందా? ఇవన్నీ మీ కళ్ళముందే ఉంటాయి.

ఏం అడగాలో తెలియదంటే దానికీ దారుంది. 1987లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో డాక్టర్లు పది ప్రశ్నల పట్టిక తయారు చేశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. పోయిన ఏడు రోజుల్లో ఎట్లా ఉంది అని అడుగుతుంది. నవ్వొచ్చే మాటకు నవ్వగలుగుతున్నావా? రేపటి కోసం ఎదురుచూడాలనిపిస్తుందా? ఏది చెడినా నీదే తప్పనిపిస్తుందా? కారణం లేకుండా బుగులు పుడుతుందా? పనులు మీద పడి తట్టుకోలేకపోతున్నావా? ఏడుపొస్తుందా? ఇట్లా ఉంటాయి. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం ముప్పై. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాలి, పదమూడు గానీ ఆపైన గానీ వస్తే డాక్టరుకు చూపించాల్సిందే. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో చెప్పే పట్టిక.

పదో ప్రశ్న, నీకు నువ్వు ఏమన్నా చేసుకోవాలనిపించిందా అనేది. అడగడానికి మనకే భయం వేస్తుంది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అనుకుంటాం. పుట్టదు. అడిగితే తేలికవుతుంది. నన్ను డాక్టరమ్మ అడిగినప్పుడు, తెల్లవారుజామున మూడు గంటలకు వచ్చే ఆ ఆలోచనను మొదటిసారి నోటితో చెప్పగలిగాను. దానికి అవునంటే, మిగతా మార్కులు ఎంత వచ్చినా సరే, ఆమెను ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటాయి మనకు, పత్తి చేన్లున్న ఊళ్ళు మనవి. వాటిని తీసి తాళం వెయ్యండి. అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

అర్ధరాత్రి అయితే ఏం చేయాలి? 14416 కు ఫోన్ చేయండి. టెలి మానస్ అని కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. తల్లే చేయాలని లేదు, మొగుడు చేయొచ్చు, అత్త చేయొచ్చు, మీరు చేయొచ్చు. ఫోన్లున్నవాళ్ళు ఇప్పుడే తీసి ఈ నంబరు ఎక్కించుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఎక్కించుకున్నారా? వెనక పెద్దమ్మలకు పక్కనున్నవాళ్ళు ఎక్కించి ఇవ్వండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మందుల గురించి నాకంటే ఏఎన్‌ఎం మేడం బాగా చెబుతారు. అందరి ముందు అడగలేని మాట ఏదైనా ఉంటే, భోజనాలయ్యాక పక్కగదిలో ఆశా అక్క, నేను ఇద్దరం కూర్చుని ఉంటాం. కోడలి కోసం అడగాలనుకున్న అత్తమ్మలు కూడా రావచ్చు.